చిక్కాలు

మూడో అంతస్తు నుంచి గూటాన్ని కిందికి దించడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. మెట్లు యాభై నాలుగు. వాడిప్పుడు బరువేమీ లేడు, చంకలో వేసుకుని దించేయొచ్చు. కానీ ఎత్తుకోనివ్వడు.

"నన్నెత్తే రోజు ఒకటుంది. దానికి నలుగురు కావాలి. నువ్వొక్కడివే తొందరపడకు," అన్నాడు.

ఆరు మెట్లు దిగి ఆగుతాడు. గోడకు అరచెయ్యి ఆనిస్తాడు. నోరు తెరిచి గాలి లాగుతాడు. తలుపు సందులోంచి గాలి దూరినట్టు లోపలెక్కడో ఈల. ఆ ఈల తగ్గేదాకా నేను ఎవరింటి ముందో విడిచిన చెప్పుల వంక చూస్తూ నిలబడతాను. వాడి మొహం చూడలేక.

"ఒరేయ్ మైకూ," అన్నాడు రెండో అంతస్తు మలుపులో. "ఈ బిల్డింగు కట్టినోడెవడో గానీ, జన్మలో దగ్గి ఉండడు."

"మాట్లాడకు. ఊపిరి దాచుకో."

"మాట్లాడొద్దని నువ్వు చెప్తున్నావా?" నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గుకి ఇంకో పది నిమిషాలు పోయాయి.

వాడూ నేనూ ఒకే వీధిలో పుట్టాం. ఏడో తరగతిలో ఒకే రోజున బడి మానేశాం. పంతులు ఎంత బాదినా ఏడవడు గనక వాడికి గూటం అని పేరు పెట్టింది నేను. పంతులు ఒక దెబ్బ వేస్తే వీధంతా వినపడేలా అరుస్తాను గనక నాకు మైకు అని పేరు పెట్టింది వాడు. పద్దెనిమిదేళ్లకు ఇద్దరం పోత కార్ఖానాలో చేరాం. నేను ఇసుకతో అచ్చులు చేసే చోట, వాడు ఆ అచ్చులు పగలగొట్టే చోట. నేను అక్కడ ఏడేళ్లే ఉన్నాను. తర్వాత యూనియన్ పనికి పూర్తిగా వచ్చేశాను. వాడు ఇసుక షెడ్డులో ఇరవై ఆరేళ్లు ఉన్నాడు. చేతులు సమ్మెట లేపలేమన్నాకే బయటికొచ్చాడు. స్టోరు గదిలో నాలుగేళ్లు కూర్చున్నాడు. ఇప్పుడు కూర్చోవడం కూడా కష్టంగానే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ముని దీపం పలకకు తగిలించింది. పొట్టి మనిషి, స్టూలెక్కి చూపించింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ పైభాగమంతా తెల్లగా, సున్నం చల్లినట్టుంది.

"ఇసుక షెడ్డులో ఎన్నేళ్లు?"

"ఇరవై ఆరండీ."

"ముక్కుకి మాస్కు కట్టుకోలేదా?"

గూటం నా వంక చూశాడు. నేను అందుకున్నాను. "కంపెనీ ఏనాడూ ఒక్క మాస్కు ఇచ్చిన పాపాన పోలేదు డాక్టరమ్మా. మనుషుల్ని ఈగల్లా చూస్తారు."

ఈ మాట నేను పద్నాలుగేళ్లుగా చెబుతున్నాను. గేటు ముందు చెప్పాను, సంతాప సభల్లో చెప్పాను, నా చేత్తో రాసిన కరపత్రాల్లో పెద్దక్షరాలతో అచ్చేయించాను. చెప్పీ చెప్పీ నాకే నిజమనిపించేది.

అబద్ధం. కంపెనీ మాస్కులు ఇచ్చింది. ఇరవై రెండేళ్ల కిందట ఒక సోమవారం పొద్దున నలభై మాస్కులు ఇచ్చింది. విసిరి కొట్టించింది నేను.

ఇసుక షెడ్డు అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కరిగిన ఇనుముని ఇసుక అచ్చుల్లో పోస్తారు. చల్లారాక ఆ అచ్చుని సమ్మెటతో పగలగొట్టి లోపలి వస్తువు బయటికి లాగుతారు. మా దగ్గర నీళ్ల పంపులకు కావలసిన సామాను తయారవుతుంది. దాని మూలమూలల్లో ఇరుక్కున్న ఇసుకని గాలి గొట్టంతో ఊదుతారు. ఊదినప్పుడు లేచే దుమ్ములో పక్కనున్నవాడు కనపడడు. దగ్గుని బట్టి ఎవరో పోల్చుకోవాలి.

ఆ దుమ్ముకి బదులుగా మా ముందటివాళ్లు కొట్లాడి ఒక గంట సంపాదించారు. దాన్ని దుమ్ము గంట అంటాం. ఇసుక షెడ్డు వాళ్లు మిగతా కార్ఖానా కంటే గంట ముందు ఇంటికెళ్లిపోవచ్చు. మేమంతా పని చేస్తుంటే నలభై మంది కొళాయిల దగ్గర మొహాలు కడుక్కుని, తల దువ్వుకుని, మా కిటికీల ముందు నుంచి కావాలనే నెమ్మదిగా నడిచి వెళ్లేవాళ్లు. పిల్లల్ని బడి నుంచి తెచ్చుకునేవాళ్లు. పెళ్లిచూపుల్లో కూడా ఆ గంట సంగతి చెప్పుకునేవాళ్లు. అదంటే వాళ్లకి ప్రాణం.

అప్పుడు కంపెనీ మాస్కులు తెచ్చింది. నల్లటి రబ్బరు, ముక్కూ మూతీ కలిపి బిగుసుకునేవి, రెండు బుగ్గల దగ్గరా గుండ్రటి జల్లెడ బిళ్లలు. వాటితో పాటే గోడకు ఒక నోటీసు. మాస్కు ఉంది గనక దుమ్ము లేదు, దుమ్ము లేదు గనక గంట లేదు, వచ్చే సోమవారం నుంచి అందరితో పాటే ఇంటికి.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఒళ్లు మండిపోయింది. ఖాళీ డ్రమ్ము ఎక్కాను. "చేలో గడ్డి మెయ్యకుండా ఎద్దు మూతికి చిక్కం కడతారు. మనం ఎడ్లమా? మన గంట మన చేతిలోంచి లాక్కుని మూతికి చిక్కాలు కడతారా?" అని అరిచాను. ఈలలు, చప్పట్లు. ఆ రోజు నుంచి మాస్కులకి చిక్కాలనే పేరు పడిపోయింది. కట్టుకున్నవాణ్ణి చూస్తే పక్కవాడు "హెయ్ హెయ్" అని తోలేవాడు.

నోటీసు గడువు వారం. ఆ వారం కట్టుకోక తప్పలేదు. శనివారం కొళాయి దగ్గర గూటం నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఒరేయ్, ఈ వారం రాత్రిపూట దగ్గు రాలేదురా."

"అయితే?"

"అయితే ఏం లేదు. చెప్తున్నా."

"గంట పోతుంది."

"పోతే పోనీరాదా? లేకపోతే రెండూ అడుగుదాం. చిక్కమూ ఉంచండి, గంటా ఉంచండి అని."

"రెండూ అడిగితే రెండూ పోతాయి. ముందు గంట నిలబెట్టుకుందాం. చిక్కాల సంగతి తర్వాత."

"తర్వాతంటే ఎప్పుడు?"

"తర్వాతరా. నన్ను నమ్మవా?"

నమ్మాడు. సోమవారం గేటు దగ్గర ముందుగా ఎవరో ఒకరు విసరాలి. ఆ ఒకరు ఇసుక షెడ్డులో అందరూ గౌరవించేవాడై ఉండాలి. నేను గూటం వంక చూశాను. వాడు మాస్కు తీసి, ఒక్క క్షణం చేతిలో తిప్పి చూసుకుని, గేటు లోపలికి విసిరేశాడు. వాడి వెనక ముప్పై తొమ్మిది మంది. మధ్యాహ్నానికి కంపెనీ దిగొచ్చింది. ఒక కాగితం రాసుకున్నాం. కార్మికుల కోరిక మేరకు మాస్కులు వెనక్కి తీసుకోవడమైనది, దుమ్ము గంట యథాప్రకారం కొనసాగును. కింద రెండు సంతకాలు. ఒకటి మేనేజరుది, ఒకటి నాది. నన్ను భుజాల మీద ఎక్కించుకుని బస్టాండు దాకా ఊరేగించారు. కింద మోసినవాళ్లలో గూటం ఒకడు.

ఎనిమిదేళ్లకి మొదటివాడు పోయాడు. సంతాప సభలో మాట్లాడటానికి లేచాను. ఏం చెప్పాలో తోచక, కంపెనీ ఒక్క మాస్కు ఇవ్వలేదన్నాను. ఎవడూ కాదనలేదు. కంపెనీ కూడా కాదనలేదు. ఎందుకంటే ఆ కాగితం వాళ్లకీ మెడకు చుట్టుకునేదే. కార్మికుడు వద్దని కాళ్లు పట్టుకున్నా మాస్కు ఇవ్వాల్సిందేనని చట్టం. గంట కోసం బేరం పెట్టి వెనక్కి తీసుకున్నామని వాళ్లు ఏ మొహంతో చెబుతారు? వాళ్లు వాళ్ల ప్రతి దాచుకున్నారు, నేను నా ప్రతి ట్రంకు పెట్టెలో దాచుకున్నాను. ఆ నలభై మందిలో పదకొండు మంది పోయారు. మిగతావాళ్లు దగ్గు పట్టుకోగానే పని మానేసి తలో దిక్కూ చెదిరిపోయారు. ఇసుక షెడ్డులో ఇరవై ఆరేళ్లు నిలబడింది గూటమొక్కడే.

డాక్టరమ్మ స్టూలు దిగింది. జబ్బు పని వల్లే వచ్చిందని కార్మిక శాఖ విచారణలో తేలితే ఛాతీ ఆస్పత్రిలో మంచం ఇస్తారని, ఇంటికి ఆక్సిజన్ యంత్రం పంపిస్తారని, అది బతికున్నన్నాళ్లూ ఉంటుందని చెప్పింది.

"తేలకపోతే?" అన్నాడు గూటం.

ఆవిడ ఫిల్ము కవరులో పెట్టి నా చేతికిచ్చింది. "తేలేలా చూసుకోండి," అంది.

గూటం పెళ్లాన్ని నేను చెల్లెమ్మా అని పిలుస్తాను. ఆమె స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. గుడ్డల నూగు వాడి దగ్గుకి పడదని మిషను వరండాలోకి మార్చుకుంది. వానొస్తే మిషను మీద గొడుగు పెట్టి కుడుతుంది. ఆ సాయంత్రం నేను సంగతంతా చెబితే, కత్తెర కింద పెట్టి నా వంక చూసింది.

"ఆ యంత్రం వస్తే పడుకుని నిద్రపోగలడా అన్నయ్యా?"

"పడుకోగలడమ్మా."

"ఏడు నెలలైంది ఆయన వీపు మంచానికి ఆనించి. కూర్చునే కునుకు తీస్తున్నాడు. మీరున్నారుగా, మీరు మాట్లాడితే అవుతుంది."

అవుతుందనే నేనూ అనుకున్నాను. కాగితం బయటపెట్టకుండానే గెలవొచ్చని లెక్కేశాను. కంపెనీ మాస్కులు ఇవ్వలేదని నేను చెబుతాను, గూటం చెబుతాడు, ఎక్స్‌రే చూపిస్తాం. కంపెనీ ఎప్పటిలాగే నోరు మూసుకుంటుంది. ఇన్నేళ్లూ మూసుకుంది కదా. గూటానికి ఏం చెప్పాలో నేర్పించాను. వాడు విన్నాడు.

"ఆ కాగితం ఉంది కదరా నీ దగ్గర," అన్నాడు.

"దాని అవసరం రాదు."

"వస్తే?"

"వస్తే తీస్తాను."

"సరే," అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

విచారణ రోజున నేను పెద్ద యుద్ధమే చేశాను. ఆఫీసు రెండో అంతస్తులో, లిఫ్టు పాడైంది. అధికారి కిందికి రానన్నాడు. జబ్బు మనిషిని మెట్లెక్కించి చంపి కేసు మూసేద్దామనా అని కింద నిలబడి అరిచాను. కిటికీలన్నీ తెరుచుకున్నాయి. చివరికి అధికారి, గుమాస్తా, కంపెనీ మేనేజరు అందరూ కిందికి దిగొచ్చి పాత ఫైళ్ల గదిలో బల్ల వేసుకున్నారు. ఇసుక షెడ్డు కుర్రాళ్లు ఆరుగురు, పోయినవాళ్ల భార్యలు ఇద్దరు మాకు తోడుగా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. "మా అన్నయ్య నోరు తెరిస్తే పైవాళ్లు కిందికి దిగాల్సిందే," అంది వాళ్లలో పెద్దావిడ. నాకు ఛాతీ పొంగింది. నా ఒళ్లో సంచి. సంచిలో ఎక్స్‌రే, దాని పక్కన ప్లాస్టిక్ కవరులో ఆ కాగితం. ఫైళ్ల దుమ్ముకి గూటం దగ్గుతూనే ఉన్నాడు.

కంపెనీ మేనేజరుని మేం ఇస్త్రీ అంటాం. చొక్కా మీద ముడత ఉండదు, మొహం మీద ముడత ఉండదు. అతను ఒక పాత రిజిస్టరు తెరిచి అధికారి ముందు పెట్టాడు.

"నలభై మాస్కులు ఇచ్చాం సార్. ఇదిగో, తీసుకున్నవాళ్ల సంతకాలు. పదిహేడో నంబరు ఈయనదే. ఇచ్చాక కట్టుకోకపోతే మేమేం చేస్తాం? ఇంటికెళ్లి బువ్వ తినిపిస్తామా?"

రిజిస్టరు ఒక్కటే పెట్టాడు. వెనక్కి తీసుకున్న కాగితం పెట్టలేదు. తెలివైనవాడు. నా మీద పందెం కట్టాడు. నేను కూడా పెట్టనని అతనికి తెలుసు.

అధికారి నా వైపు తిరిగాడు. "మీరు రాసిచ్చినదాంట్లో కంపెనీ ఏనాడూ మాస్కు ఇవ్వలేదని ఉంది. ఇదేమిటి మరి?"

నేను నీళ్లు నమిలాను. రిజిస్టరు అసలుదో కాదో చూడాలి, ఎవరి చేతిరాతో తేల్చాలి, ఇలాంటివేవో అన్నాను. నా గొంతు నాకే వేరేవాడిది లాగా వినపడింది. అధికారి నన్ను వదిలేసి గూటాన్ని అడిగాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్."

"మాస్కు తీసుకున్నారా?"

"తీసుకున్నాను."

"కట్టుకున్నారా?"

"వారం."

"తర్వాత?"

గూటం తల తిప్పి నా వంక చూశాడు. అధికారి కలం పాళీ తుడుచుకున్నాడు. ఇస్త్రీ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. అంతసేపు చూశాడు.

"పారేశాను సార్."

"ఎందుకు?"

"చెమట పోస్తోందని."

"ఎవరైనా పారేయమన్నారా?"

మళ్లీ చూశాడు. నా చెయ్యి సంచి మూతి మీద ఉంది. వెనక బెంచీ మీద ఆ ఇద్దరి ఊపిరి నా మెడకి తగులుతున్నట్టుంది. లేచి నిలబడితే నేనేమవుతానో లెక్కేసుకుంటున్నాను. నా పేరు, నా కరపత్రాలు, పదకొండు సంతాప సభలు. అదే లెక్కలో వాడు ఏమవుతాడన్నది ఆఖరి వరసలో ఉంది. దాని దాకా నేను రాలేదు.

"ఎవరూ అనలేదు సార్," అన్నాడు గూటం.

గుమాస్తా రాశాడు. చదివి వినిపించాడు. వాడు సంతకం పెట్టాడు. పావుగంటలో అయిపోయింది. సొంత నిర్లక్ష్యమని తేల్చారు. యంత్రం లేదు, మంచం లేదు. బయట వరండాలో పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మీరు చెయ్యగలిగిందంతా చేశారన్నయ్యా," అంది. నేను తలూపాను.

ఆ రోజు ఇంటి మెట్లెక్కడానికి గంటన్నర పట్టింది. వాడు ఒక్క మాట మాట్లాడలేదు. ఊపిరి దాచుకుంటున్నాడనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. వాడు నన్ను కాపాడాడనుకున్నాను. స్నేహితుడంటే వీడు అనుకుని కళ్లు తుడుచుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వరండాలో మిషను నడుస్తోంది. నేను పక్కన కూర్చుని వాడి మోకాలి మీద చెయ్యి వేశాను.

"ఒరేయ్, నా పరువు నిలబెట్టావురా నిన్న. ఈ జన్మలో మర్చిపోను."

"నీ పరువా?" అన్నాడు.

నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు. దుప్పటి మీద పడ్డ దారం ముక్క తీసేసినట్టు.

"నువ్వు లేస్తావనుకున్నా," అన్నాడు.

నా చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాను.

"రెండుసార్లు చూశా." ఊపిరి. "రెండుసార్లు ఆగా." ఊపిరి. "సంచిలో ఉందని తెలుసు. పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నావు సంచిని. ఎక్స్‌రే కోసం అట్లా ఎవడూ పట్టుకోడు."

"మరి నా పేరు నువ్వే చెప్పొచ్చుగా? ఎవరూ అనలేదని ఎందుకన్నావ్?"

"నేను చెప్తే నిన్ను పట్టిచ్చినట్టు. నువ్వు చెప్తే నువ్వు చెప్పినట్టు. ఇన్ని మీటింగులు పెట్టావ్, ఆ తేడా తెలీదా నీకు?"

మిషను ఆగింది. చెల్లెమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పిల్లల చొక్కా కాలరు చేతిలో ఉంది.

"ఏం కాగితం?" అంది.

గూటం కిటికీ వైపు తిరిగాడు. చెప్పాల్సింది నేనే అని తిరిగాడు. చెప్పాను. కాగితం తీసి ఇచ్చాను. ఆమె గుమ్మంలోనే నిలబడి, పెదాలు కదుపుతూ, అక్షరం అక్షరం చదివింది. రెండు సంతకాల దగ్గర వేలు పెట్టింది.

"నిన్న ఇది మీ దగ్గరే ఉందా?"

"ఉందమ్మా."

"ఆ గదిలోనే?"

"ఊఁ."

"ఆ వారం నాకు గుర్తుంది," అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "మా పెళ్లయి మూడు నెలలు. ఆ వారం ఆయన దగ్గలేదు. ఇద్దరం తెల్లారేదాకా నిద్రపోయాం. మళ్లీ సోమవారం నుంచి మొదలైంది. నా వంట పడట్లేదేమో, పోపు ఘాటేమో అనుకున్నాను. నూనె మార్చాను. పొయ్యి బయట పెట్టుకున్నాను. మా అత్త, నీ అడుగు మంచిది కాదంది. అయ్యుంటుందనుకున్నాను. ఇరవై రెండేళ్లు అట్లాగే అనుకున్నాను."

"అమ్మా..."

"మీరు నాకు అన్నయ్యని చెప్పుకున్నాను అందరికీ," అంది. కాగితం మడిచి నా చేతిలో పెట్టి మిషను దగ్గరికి వెళ్లిపోయింది. మిషను చాలాసేపు నడవలేదు.

అక్కడి నుంచి సరాసరి విచారణ ఆఫీసుకి వెళ్లాను. రెండంతస్తులు ఎక్కి అధికారి బల్ల మీద కాగితం పరిచాను. ఆయన రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఇది నిన్న చూపిస్తే నిన్ననే అయిపోయేదండీ. కంపెనీకి నోరు లేచేది కాదు. ఇప్పుడు ఆయన సొంత వాంగ్మూలం, సంతకం రికార్డులో ఉన్నాయి. నేనేం చెయ్యలేను. పైకి అప్పీలు పెట్టుకోండి."

"ఎప్పటికి తేలుతుంది?"

ఆయన పెద్ద పుస్తకం తిరగేశాడు. నాలుగు నెలల తర్వాత ఒక తేదీ చూపించాడు.

అరిచాను. బల్ల గుద్దాను. ఒక మనిషి ఊపిరందక కొట్టుకుంటుంటే నాలుగు నెలలేమిటన్నాను. ఆయన నా అరుపంతా విన్నాడు. తర్వాత మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపి, "నిన్న ఇందులో సగం అరిచినా సరిపోయేది," అన్నాడు. ఆయనేం చెడ్డవాడు కాదు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. అప్పీలు కాగితాలు నింపి, ఆ ఒప్పందం అసలు ప్రతిని జతచేసి, రసీదు తీసుకుని దిగాను.

రెండు రోజుల తర్వాత కార్ఖానా గేటు ముందు మీటింగు పెట్టాను. ఇసుక షెడ్డు వాళ్లు గంట ముందు బయటికొచ్చే వేళకి పెట్టాను. పోయినవాళ్ల భార్యలకి కబురు చేశాను, ఐదుగురు వచ్చారు. డ్రమ్ము ఎక్కలేదు. నేల మీదే నిలబడి ఒప్పందం నకలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. చిక్కాలు పారేయించింది నేనేనని, మొదట గూటం చేత విసిరించానని చెప్పాను. ఇవ్వలేదని పద్నాలుగేళ్లు అబద్ధం చెప్పానని చెప్పాను. కొళాయి దగ్గర గూటం రెండూ అడుగుదామన్నదీ, రెండూ అడిగితే రెండూ పోతాయని నేనన్నదీ చెప్పాను. చప్పట్లు లేవు, ఈలలు లేవు. మాట్లాడుతుండగా మధ్యలో ఎవడో బీడీ వెలిగించుకున్నాడు.

పెద్దావిడ ముందుకొచ్చింది.

"మా ఆయన ఎన్నోవాడు?" అంది.

"ఏమిటమ్మా?"

"పారేసినవాళ్లలో. గూటం మొదట అన్నావు కదా. మా ఆయన ఎన్నోవాడు?"

"గుర్తులేదమ్మా."

గుర్తుంది. మూడోవాడు. నవ్వుతూ విసిరాడు. నిజం చెప్పడానికే పెట్టిన మీటింగులో మళ్లీ అబద్ధమాడాను. ఆవిడ నా మొహంలోకి చూసింది, తెలిసిపోయింది. పైట చెంగుతో నోరు మూసుకుని వెళ్లిపోయింది. మిగతా నలుగురూ ఆవిడ వెనకే వెళ్లారు.

కుర్రాళ్లు మిగిలారు. ఇప్పటికీ మూతికి చేతిరుమాలు తప్ప ఏమీ లేని కుర్రాళ్లు. వాళ్లతో అన్నాను, రేపే కంపెనీకి నోటీసిద్దాం, మంచి మాస్కులు, గాలి లాగే పెద్ద ఫ్యాన్లు అడుగుదాం అని.

"మరి గంట?" అన్నాడు వాళ్లలో బలంగా ఉన్నవాడు.

"గంట కూడా. రెండూ అడుగుదాం."

"రెండూ అడిగితే రెండూ పోతాయన్నా. నువ్వే అన్నావంటగా."

"అది నా తప్పని కదరా ఇప్పటిదాకా చెప్పింది!"

"తప్పేముందిలే. గంటైతే నిలబడిందిగా." మిగతావాళ్లు నవ్వారు. ఒకడికి నవ్వుతో పాటు దగ్గొచ్చింది. వాడు పక్కకి తిరిగి, ఉమ్మి, కాలితో మట్టి కప్పాడు. "చెల్లి బడి వదిలే టైమైంది, పోవాలి," అన్నాడు. అందరూ వెళ్లిపోయారు. నోటీసు నేనొక్కణ్ణే రాసి ఇచ్చాను. ఒక్క సంతకంతో. ఇస్త్రీ దాన్ని తీసుకుని, చాలా మర్యాదగా ముద్ర వేసి, నకలు నాకిచ్చాడు.

గూటం దగ్గరికి రోజూ ఎనిమిదింటికి వెళ్తాను. చెల్లెమ్మ తలుపు తీసి "రండి" అంటుంది. అంతకు మించి అనదు. ఆమె కుట్టిన బట్టలు షాపులో ఇచ్చి రావాలంటే ఎవరో ఒకరు వాడి దగ్గర ఉండాలి కాబట్టి రానిస్తోంది. వేరే మనిషి దొరికితే రానివ్వదు. యూనియన్ చందాలతో ఒక సిలిండరు తెచ్చాను. పొద్దున గంట, సాయంత్రం గంట తప్ప పెట్టుకోనివ్వడు, అయిపోతుందని భయం. వాడి వీపు తుడుస్తాను. ఎముకల మధ్య గుంటల్లో తడిగుడ్డ ఇరుక్కుంటుంది. గడ్డం గీస్తాను. ఏం చేసినా చేయించుకుంటాడు. కళ్లలోకి చూడడు. నేనేదైనా చెప్పబోతే, ఒక వేలు పైకి లేపుతాడు. నోరు మూసుకుంటాను.

నిన్న చెల్లెమ్మ బట్టల మూట పట్టుకుని దిగిపోయాక, వాడే అడిగాడు.

"అప్పీలు ఎప్పుడన్నావ్?"

తేదీ చెప్పాను. నెల చెప్పాను.

వాడు కుడిచేతి బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వారానికో కణుపు. ఒక్కో కణుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. చిటికెన వేలు అయింది. ఉంగరపు వేలు మధ్య కణుపు దాకా వచ్చాడు. అప్పీలు తేదీ ఇంకా చాలా కణుపుల అవతల ఉండగానే, అక్కడ బొటనవేలు ఆగిపోయింది. కాసేపు దాన్నే చూసుకుని చెయ్యి దుప్పటి మీద పెట్టేశాడు.

"దిండు కొంచెం పైకి జరుపు," అన్నాడు.

జరిపాను.

"ఇంకొంచెం."

జరిపాను.